రెండు స్టార్ల కాలం

మా రోజుల్లో ఘాతం వెయ్యాలంటే రెండు స్టార్లు కొట్టేవాళ్లం. కార్డు మీద 5**2 అని పంచ్ చేస్తే 25. అందుకోసం ముందు ఏ ఫైలూ కలపక్కర్లేదు, ఏ లైబ్రరీనీ బతిమాలక్కర్లేదు. కూడిక ఎలాగో, గుణకారం ఎలాగో ఘాతమూ అలాగే, భాషతో పాటు పుట్టిన గుర్తు. ఇవాళ ఇంజినీరింగ్ చదివే పిల్లవాణ్ణి పిలిచి, ఐదు వర్గం మిషన్ చేత కట్టించరా అంటే "ఏ లాంగ్వేజ్‌లో మాస్టారూ?" అంటున్నాడు. అడగాల్సిందే మరి. ఒకచోట రెండు స్టార్లు, ఒకచోట టోపీ గుర్తు, ఒకచోట పౌ అనే ఫంక్షను, మరొకచోట అదే టోపీకి ఘాతంతో ఏ సంబంధమూ లేని ఇంకో అర్థం. బళ్లో నేర్చుకున్న ఒక్క లెక్కకి ఇన్ని వేషాలు వేయించారు. గుర్తులు మారితే మారాయి, దానికి నేనేమీ అనను. గుర్తు మారి, తప్పు జవాబు వచ్చినా మిషన్ నోరెత్తకుండా ఊరుకునే పరిస్థితి తెచ్చారే, దాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

1957లో ఐబీఎం 704 మిషన్ కోసం జాన్ బాకస్, ఆయన జట్టు ఫోర్‌ట్రాన్ తయారుచేశారు. పేరులోనే ఫార్ములా ఉంది. ఇంజినీర్లూ భౌతికశాస్త్రవేత్తలూ కాగితం మీద రాసుకున్న సూత్రాన్ని దాదాపు ఉన్నదున్నట్టుగా మిషన్‌కి అప్పజెప్పాలని వాళ్ల పట్టుదల. కాగితం మీద ఘాతాంకాన్ని సంఖ్యకి పైన, కాస్త పక్కగా చిన్నగా రాస్తాం. 1637లో దెకార్త్ తన జ్యామితి పుస్తకంలో స్థిరపరిచిన పద్ధతి అది. కానీ పంచింగ్ మిషన్ మీద పైకీ కిందకీ రాయడమన్నది లేదు, అన్నీ ఒకే వరస. ఉన్న అక్షరాలూ గుర్తులూ కలిపి 48. అందులోనే సర్దుకోవాలి. గుణకారానికి ఒక స్టార్ ఇచ్చారు కాబట్టి, గుణకారం మీద గుణకారమైన ఘాతానికి రెండు ఇచ్చారు. అంత ఇరుకులోనూ ఘాతానికి చోటు దొరికింది. ఇవాళ కీబోర్డు నిండా గుర్తులున్నాయి, తెర మీద లక్ష బొమ్మలు వస్తాయి, ఘాతానికి మాత్రం చోటు లేదంటారు!

నేను దూలాలూ స్లాబులూ లెక్కకట్టిన మనిషిని. రెండు కొసలా ఆనుకున్న దూలం మీద బరువు సమంగా పరుచుకుని ఉంటే, అది నడిమధ్యన ఎంత కిందికి వంగుతుందో చెప్పే సూత్రంలో పొడవు నాలుగో ఘాతంలో ఉంటుంది. పొడవు పదోవంతు పెరిగితే వంపు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు అవుతుంది. దూలం మందం మూడో ఘాతంలో ఉంటుంది. మందం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లు. ఇల్లు కట్టే మేస్త్రీకి ఈ సంగతి చేతిలో ఉంటుంది, ఇంజినీరుకి సూత్రంలో ఉంటుంది. మా పనిలో ఘాతం పండక్కో పబ్బానికో వచ్చే అతిథి కాదు, ప్రతి పంక్తిలోనూ ఉండేది. కార్డు మీద ఏడో గడి నుంచి డెబ్భై రెండో గడి దాకా ఆ సూత్రం రాసుకుంటే, పక్కవాడు కార్డు తీసి చదివినా ఇది వంపు లెక్క అని ఇట్టే పోల్చేవాడు. సూత్రం సూత్రంలా కనిపించేది. ఇవాళ్టి ప్రోగ్రాముల్లో అదే సూత్రాన్ని పౌ బ్రాకెట్, అందులో పౌ బ్రాకెట్, కామా, మూసిన బ్రాకెట్, ఇంకో మూసిన బ్రాకెట్ అని రాస్తే, అందులో పొడవు ఎక్కడుందో మందం ఎక్కడుందో వెతుక్కోవడానికే కళ్లు లాగుతాయి. తప్పులు దాక్కునేది సరిగ్గా అక్కడే.

ఆ రెండు స్టార్ల వెనక మిషన్ ఏం చేస్తుందో కూడా మాకు మొదటి వారమే చెప్పేవారు. ఘాతాంకం 2 అని రాస్తే అది పూర్ణాంకం, సంఖ్యని తనతో తాను గుణించి ఇచ్చేస్తుంది. అదే చుక్కపెట్టి 2.0 అని రాస్తే దశాంశసంఖ్య అయిపోతుంది. అప్పుడు లాగరిథమ్ తీసి, దాన్ని రెండుతో గుణించి, మళ్లీ వెనక్కి తిప్పుతుంది. పని పెరుగుతుంది. పైగా రుణసంఖ్యకి లాగరిథమ్ లేదు గనక మైనస్ మూడుని 2 తో ఘాతిస్తే తొమ్మిది వస్తుంది, 2.0 తో ఘాతిస్తే ప్రోగ్రాం ఆగిపోతుంది. ఒక్క చుక్క తేడా. ఇంటర్మీడియట్‌లో లాగరిథమ్ పట్టికల పుస్తకం చేతిలో పట్టుకుని, మాంటిస్సా వెతికి, యాంటీలాగ్ చూసి, చెమటోడ్చి వర్గమూలాలు కట్టినవాళ్లం కాబట్టి ఆ చుక్క ఎందుకంత బరువైందో మాకు విడమరచి చెప్పక్కర్లేకపోయింది. ఘనమూలం కోసం ఘాతాంకంగా 1/3 అని రాసిన ప్రతి కొత్త కుర్రాడికీ జవాబు 1 వచ్చేది. పూర్ణాంకాల భాగహారంలో ఒకటిని మూడుతో భాగిస్తే సున్నా, దేన్నైనా సున్నా ఘాతానికి ఎత్తితే ఒకటి. ఒకసారి చీవాట్లు తిన్నాక మళ్లీ ఆ జన్మలో మరిచేవాడు కాదు.

బహుపది కట్టాల్సి వస్తే ఘాతాలు అసలు వాడనిచ్చేవారు కాదు. మూడో ఘాతం, రెండో ఘాతం, మొదటి ఘాతం విడివిడిగా కట్టకుండా, మొదటి గుణకాన్ని ఎక్స్‌తో గుణించి రెండోది కలుపు, దాన్నంతా ఎక్స్‌తో గుణించి మూడోది కలుపు అనే హార్నర్ పద్ధతి. గుణకారాలు సగానికి సగం తగ్గుతాయి. మిషన్ టైము అంత ఖరీదు. కార్డుల కట్ట కిటికీలో ఇస్తే ప్రింటు మర్నాడో ఆ మర్నాడో చేతికొచ్చేది. అందుకని ఇచ్చేముందే జవాబు సుమారు ఎంతుండాలో కాగితం మీద వేసుకునేవాళ్లం. వందల్లో రావాలా, లక్షల్లో రావాలా? ఆ అంచనా చేతిలో పెట్టుకునే ప్రింటు విప్పేవాళ్లం.

ఫోర్‌ట్రాన్ ఒక్కటే కాదు. కోబాల్‌లో బ్యాంకు వడ్డీ లెక్కలకి అవే రెండు స్టార్లు. పీఎల్ వన్‌లోనూ అవే. ఆల్గాల్ 60 వాళ్లు పైకి చూసే బాణం పెట్టారు. 1964లో డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్స్ బేసిక్ తయారుచేసినప్పుడు వాళ్లకీ ఆ బాణమే. 1963 నాటి ఆస్కీ పట్టికలో 94వ స్థానంలో నిజంగానే పైకి చూసే బాణం ఉండేది. 1967లో పట్టికని సవరించి ఆ స్థానంలో టోపీ గుర్తు కూర్చోబెట్టారు. అప్పట్నుంచి బేసిక్ వాడేవాళ్లకి బాణం టోపీ అయింది. అయినా అర్థం చెడలేదు. 1984లో మన దేశంలో క్లాస్ పథకం కింద బళ్లకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చినప్పుడు, వాటి ముందు కూర్చున్న పిల్లలు 5^2 కొడితే 25 వచ్చేది. స్టార్లయినా టోపీ అయినా ఘాతం ఘాతమే.

తర్వాత సీ వచ్చింది.

1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ ఆ భాషని ఆపరేటింగ్ సిస్టమ్ రాయడానికి చేసుకున్నాడు. ఆయన ముందున్నది పీడీపీ 11. చేతిలో పని బిట్లూ బైట్లూ. దూలం వంపు కట్టాల్సిన అవసరం ఆయనకి లేదు, చక్రవడ్డీ కట్టాల్సిన అవసరమూ లేదు. అందుకే ఘాతానికి గుర్తు పెట్టలేదు. టోపీని ఎక్స్‌ఆర్ అనే బిట్ల లెక్కకి ఇచ్చాడు. రెండు బిట్లు వేరువేరైతే ఒకటి, ఒకేలా ఉంటే సున్నా. తన పనికి తగ్గ పనిముట్టు చేసుకున్నాడు, అందులో తప్పేమీ లేదు. ఆ పనిముట్టు తెచ్చి ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదటి సంవత్సరం పిల్లల చేతిలో పెట్టి, లెక్కలు చెయ్యడం దీంతోనే నేర్చుకోండి అన్నవాళ్ల మీదే నా కోపం.

ఏమైందో చూడండి. సీలో 5^2 అని రాస్తే 7 వస్తుంది. 10^2 రాస్తే 8. 2^3 రాస్తే 1. దశాంశసంఖ్యలైతే కంపైలర్ ఒప్పుకోదు, ఆపుతుంది. పూర్ణాంకాలైతే చక్కగా ఒప్పుకుని, తప్పు సంఖ్యని ఒప్పు సంఖ్యలాగే అచ్చువేస్తుంది. ప్రోగ్రామింగ్ పోటీల్లో జవాబుని 10^9+7 తో భాగించి శేషం చెప్పమంటారు. ప్రశ్నలో ఉన్నది ఉన్నట్టు ప్రోగ్రాంలో దించేసే పిల్లలున్నారు. సీలో టోపీ కంటే ముందు కూడిక జరుగుతుంది. తొమ్మిదీ ఏడూ పదహారు, పదికీ పదహారుకీ ఎక్స్‌ఆర్ చేస్తే 26. వంద కోట్ల పైచిలుకు ఉండాల్సిన చోట ఇరవై ఆరు! ప్రోగ్రాం నడుస్తుంది, జవాబులు వస్తాయి. నేను పాఠం చెప్పిన రోజుల్లో నీలం తెర టర్బో సీ ముందు కూర్చున్న పిల్లల దగ్గర ఇలాంటి జవాబులు ఎన్ని చూశానో. చక్రవడ్డీతో కలిపిన మొత్తం అసలు కంటే తక్కువ వచ్చింది. ఆ కాగితం పట్టుకొచ్చిన అబ్బాయిని "ఇది సరేనా నాయనా?" అంటే "అవుట్‌పుట్ వచ్చింది కదా సార్" అన్నాడు. అంచనా కట్టుకోవడం అనేది ఎవరూ వాడికి చెప్పలేదు.

సరే, టోపీ మానేసి పౌ ఫంక్షను వాడమంటారు. వాడారు. పైన మ్యాథ్ డాట్ హెచ్ కలపాలి. యూనిక్స్ మీదైతే కంపైల్ చేసేటప్పుడు మైనస్ ఎల్ఎమ్ అని తోక తగిలించాలి, లేకపోతే పౌ ఎవరో నాకు తెలియదంటుంది. అంతా చేశాక వచ్చేది దశాంశసంఖ్య. దాన్ని పూర్ణాంకంలో వేసుకుంటే, కొన్ని కంపైలర్లలో పది వర్గం 99 అయి కూర్చుంటుంది. లోపల వచ్చింది వందకి వెంట్రుకవాసి తక్కువ, పూర్ణాంకం చేసేటప్పుడు తోక కత్తిరించేసరికి 99. ఫోర్‌ట్రాన్‌లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో ఘాతిస్తే పూర్ణాంకమే వచ్చేది. అంత మామూలు సౌకర్యం ఎందుకు పోగొట్టుకున్నామో నాకు అర్థం కాదు.

సీ ప్లస్ ప్లస్ వచ్చినప్పుడు శాస్త్రవేత్తలు ఘాతానికి గుర్తు పెట్టమని గట్టిగానే అడిగారు. బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ 1994లో వచ్చిన తన పుస్తకంలో ఆ చర్చంతా రాశాడు. రెండు స్టార్లు కుదరవు, ఎందుకంటే సీలో స్టార్‌కి పాయింటర్ అనే అర్థం కూడా ఉంది. రెండు స్టార్లు పక్కపక్కన పడితే పాయింటర్ చూపించినదానితో గుణించు అని ఇప్పటికే అర్థం. టోపీ ఎక్స్‌ఆర్‌కి పోయింది. చివరికి వద్దనుకున్నారు. జావా, సీ షార్ప్, గో అందరూ ఆ దారే పట్టారు. జావాలో పదిని పదో ఘాతానికి ఎత్తి పూర్ణాంకంగా మార్చుకుంటే వెయ్యి కోట్లు రాదు, 2147483647 వస్తుంది. జావా 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతిపెద్ద సంఖ్య అది. అక్కడితో ఆపేసి, అదే జవాబన్నట్టు చేతిలో పెడుతుంది.

టోపీని ఘాతం అనుకునేవాళ్లున్నారు, వాళ్లని హెచ్చరించాలి అని కంపైలర్లు రాసేవాళ్లకి ఎప్పుడు తోచిందో తెలుసా? 2020లో క్లాంగ్ కంపైలర్‌లో, ఆ తర్వాత జీసీసీలో. 2^32 అని రాస్తే, దీని విలువ 34, నువ్వు అనుకున్నది ఇదేనా అని అడుగుతుందిప్పుడు. ఇంచుమించు యాభై ఏళ్లు పట్టింది ఆ ఒక్క ప్రశ్న అడగడానికి. ఈ యాభై ఏళ్లలో ఎంతమంది పిల్లలు తమకి లెక్కలు రావనుకుని కుంగిపోయారో ఎవరు లెక్కపెట్టారు?

గుర్తు ఉన్న భాషల్లోనైనా కట్టుబాటు ఒకటేనా అంటే అదీ లేదు. రెండు మీద మూడు, దాని మీద రెండు రాస్తే గణితంలో పైనున్నది ముందు కట్టాలి. మూడు వర్గం తొమ్మిది, రెండు తొమ్మిదో ఘాతం 512. ఫోర్‌ట్రాన్ 77 అదే ఇస్తుంది, పైథాన్ అదే ఇస్తుంది. ఎక్సెల్, మ్యాట్‌ల్యాబ్ ఎడమ నుంచి కట్టుకొచ్చి 64 అంటాయి. (పాపం, ఆల్గాల్ 60 కూడా అంతే చేసింది. పాతదని వెనకేసుకురాను.)

అంతకంటే ప్రమాదం మైనస్ గుర్తుది. మైనస్ రెండు టోపీ రెండు అంటే ముందు వర్గం, తర్వాత మైనస్, మైనస్ నాలుగు. గణితం తెలిసినవాళ్లెవరైనా ఇలాగే చదువుతారు. ఎక్సెల్ మాత్రం మైనస్‌ని ముందు అతికించి ప్లస్ నాలుగు ఇస్తుంది. అదే ఎక్సెల్ లోపలుండే వీబీఏలో రాస్తే మైనస్ నాలుగు. ఒకే ఇంట్లో రెండు శాస్త్రాలు! గణాంకశాస్త్రంలో గంట ఆకారపు గీత గీయాలంటే e అనే స్థిరాంకాన్ని మైనస్ ఎక్స్ వర్గానికి ఎత్తాలి. ఎక్స్ 2 అయినచోట 0.0183 రావాలి. ఎక్సెల్ గడిలో బ్రాకెట్ లేకుండా రాస్తే 54.6 వస్తుంది. కిందికి దిగాల్సిన గీత ఆకాశానికి పోతుంది. ఇవాళ ఆఫీసుల్లో, కాలేజీల్లో, కాంట్రాక్టుల్లో సగం లెక్కలు ఆ గడుల్లోనే నడుస్తున్నాయి. అందుకే చేతిలో ఎక్సెల్ ఉన్న ప్రతివాడికీ చెబుతున్నాను, మైనస్ పక్కన ఘాతం వస్తే బ్రాకెట్ పెట్టకుండా ఎంటర్ కొట్టవద్దు.

మంచి జరిగినచోట మంచే చెప్పాలి. 2016లో జావాస్క్రిప్ట్‌కి రెండు స్టార్లు వచ్చాయి. వాళ్లు ఒక తెలివైన పని చేశారు. మైనస్ రెండు స్టార్ స్టార్ రెండు అని బ్రాకెట్ లేకుండా రాస్తే ఏదో ఒక జవాబు ఇవ్వరు, నీ ఉద్దేశం తేల్చి చెప్పు అని ప్రోగ్రాంని ఆపేస్తారు. ఆ మర్యాద సీకి ఉంటే ఎంత బాగుండేది. ఇక పైథాన్. రెండుని వెయ్యో ఘాతానికి ఎత్తమంటే 302 అంకెలూ వరసగా, ఒక్కటీ పొల్లుపోకుండా అచ్చువేస్తుంది. మా కాలంలో కలలో కూడా లేని సంగతి. చూసిన మొదటిసారి ఆ అంకెల మీద వేలు పెట్టి చివరిదాకా చదివాను.

కానీ అదెలా వచ్చిందని పిల్లల్ని అడిగితే చెప్పేవాడు అరుదు. రెండుని 999 సార్లు గుణించిందా? లేదు. అమీర్‌పేట కోచింగుల్లో ఇంటర్వ్యూల కోసం బైనరీ ఎక్స్‌పొనెన్షియేషన్ అని ఒక ప్రోగ్రాం బట్టీపట్టిస్తారు. పది పంక్తులు, అప్పజెబితే ఉద్యోగం. ఆ పద్ధతి ఛందశ్శాస్త్రంలో పింగళుడు రెండు వేల ఏళ్ల కిందటే చెప్పాడని అక్కడ ఎవరూ చెప్పరు. డొనాల్డ్ క్నూత్ తన గ్రంథం రెండో సంపుటంలో పేరుపెట్టి మరీ రాశాడు, మనవాళ్లకే పట్టలేదు.

ఛందస్సుకి ఘాతాలతో ఏం పని అంటారేమో. పాదంలో ప్రతి అక్షరం గురువో లఘువో కావాలి. అక్షరానికి రెండు దారులు. ఇరవై అక్షరాల పాదానికి రెండు ఇరవయ్యో ఘాతం, 1048576 వృత్తాలు. ఇది కట్టడానికి పింగళుడి దారి ఇది. 20ని సగం చేస్తే 10, మళ్లీ సగం చేస్తే 5. బేసి వచ్చింది, ఒకటి తీసెయ్యి, 4. సగం 2, సగం 1. ఇప్పుడు కింద నుంచి వెనక్కి రా. రెండుతో మొదలు. సగం చేసినచోట వర్గం, ఒకటి తీసినచోట రెట్టింపు. 2, 4, 16, రెట్టిస్తే 32, వర్గం 1024, దాని వర్గం 1048576. పంతొమ్మిది గుణకారాల పని నాలుగు వర్గాలు, ఒక రెట్టింపుతో తేలింది. వెయ్యో ఘాతమైనా ఇలాంటి మెట్లు పదిహేను దాటవు.

వేసవి సెలవుల్లో మా వీధి పిల్లలు నలుగురైదుగురు వస్తే వాళ్లకి ఇదే చెబుతున్నాను. ముందు పద్యపాదానికి గురులఘువులు గుర్తించమంటాను. ఆ తర్వాత ఉద్దిష్టం, అంటే గురులఘువుల కూర్పులన్నీ వరసగా రాసిన ప్రస్తారంలో ఆ వృత్తం ఎన్నోదో కనుక్కోవడం. మొదటి అక్షరం కింద 1, రెండోదాని కింద 2, తర్వాత 4, 8, అలా ఇరవయ్యో అక్షరం దాకా రెండు ఘాతాలు వేసుకుంటూ పోవాలి. లఘువుల కింద ఉన్నవన్నీ కూడి ఒకటి కలపాలి. ఉత్పలమాలకి 355799 రావాలి. కాగితం మీద వచ్చాకే పైథాన్ ముట్టుకోనిస్తాను. రెండు స్టార్లు చూసి వాళ్లు "బావుంది తాతగారూ, ఇది మనం కాగితం మీద రాసినట్టే ఉంది" అన్నారు.

మొన్న తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, చంపకమాల మాట ఎత్తింది. ఉత్పలమాల మొదటి గురువుని రెండు లఘువులు చేస్తే చంపకమాల, అక్షరాలు ఇరవై ఒకటి. మళ్లీ మొదట్నుంచీ కూడమన్నాను. కూడలేదు. మొదట ఒక అక్షరం పెరిగింది కాబట్టి పాత లఘువులన్నీ ఒక స్థానం జరుగుతాయి, ప్రతి ఘాతమూ రెట్టింపు అవుతుంది, కొత్త లఘువులు రెండూ 1, 2 స్థానాల్లో పడతాయి అంది. 355799లోంచి ఒకటి తీసి, రెట్టించి, నాలుగు కలిపి 711600 అని పలక మీద రాసి చూపించింది. సరిగ్గా అంతే.